రెక్క విప్పి చూసే చేతులు

ఆదివారం మూడింటికి మీటింగు. ఆవిడ ఒంటిగంట నుంచే చేతులు కడుక్కోవడం మొదలెట్టింది. ఒకసారి బట్టల సబ్బుతో, ఒకసారి నిమ్మవాసన సబ్బుతో, మూడోసారి ఉత్త నీళ్ళతో. గోళ్ళ సందుల్లో పసుపు నూగు ఏమైనా మిగిలిందేమోనని కిటికీ దగ్గర నిలబడి పదివేళ్ళూ తిప్పి తిప్పి చూసుకుంది. ఏమీ లేదు. శనివారం సెలవే కాబట్టి ఉండే అవకాశమూ లేదు. అయినా ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

ఇరవై ఆరేళ్ళుగా ఆ చేతులది ఒకటే పని. కోళ్ళ హేచరీలో, గుడ్డు పగలగొట్టుకుని వచ్చి ఒక రోజైనా నిండని పిల్లల్ని ఆడవీ మగవీ వేరుచెయ్యడం. బెల్టు మీద గంపలు వరసగా వస్తుంటాయి. ఎడమచేత్తో పిల్లని తియ్యాలి, కుడిచేతి బొటనవేలితో రెక్క విప్పాలి, దీపం కింద చూడాలి. ఈకలు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీగా ఉంటే ఆడది, కుడివైపు పెట్టెలోకి. అన్నీ ఒక్క వరసలో ఉంటే మగది, ఎడమవైపు గొట్టంలోకి. ఒక్కోదానికి రెండు సెకన్లు. కుడివైపువి గుడ్లు పెట్టడానికి పెరుగుతాయి. ఎడమవైపు గొట్టం గోడ అవతల ఉన్న యంత్రంలోకి పోతుంది. మగవి గుడ్లు పెట్టవు, ఆ జాతివి మాంసానికీ పెద్దగా ఎదగవు, అందుకని పుట్టిన రోజునే వాటిని నలిపేస్తారు. గోడ అవతలికి వెళ్ళే పని ఆవిడకి ఎప్పుడూ పడలేదు. వెళ్ళకపోయినా తెలుసు.

ఆవిడ కన్ను అంత చురుకైనదని తోటివాళ్ళు భూతద్దం అక్క అని పేరు పెట్టారు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ పొరపాట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంట్లో చిక్కుడుకాయలు బాగుచేస్తున్నా, మడతపెట్టాల్సిన బట్టలు ముందేసుకున్నా, చేతులు వాటంతటవే కుడికొకటి ఎడమకొకటి వేసేస్తుంటాయి. రోజూ పొద్దున పనికి బయల్దేరే ముందు దేవుడి పటం దగ్గర ఆ రెండు చేతులూ కళ్ళకద్దుకుంటుంది. నా తప్పేం లేదు స్వామీ అని అనదు. తప్పు చేశాననీ అనదు. ఏమనాలో తెలియక ఊరికే అద్దుకుని వెళ్ళిపోతుంది.

ఆవిడకి ఒక్కతే కూతురు. పేరేదైనా, తల్లికి చిట్టే. స్కూల్లో లెక్కల టీచరు. నాలుగేళ్ళ కిందట చిట్టీ, అల్లుడూ కలిసి మాంసం మానేశారు. తర్వాత గుడ్లు, తర్వాత పాలు, పెరుగు, తేనె. తోలు చెప్పులు కూడా ఎవరికో ఇచ్చేశారు. ఇలాంటివాళ్ళని వీగన్లంటారని తల్లికి చిట్టే చెప్పింది. ఆవిడ పోట్లాడలేదు, వెక్కిరించలేదు. కూతురి కోసం వేరే మూకుడు కొంది, వేరే గరిటె కొంది. అవి రెండూ మెరుస్తూ గోడకి వేలాడుతూనే ఉన్నాయి. చిట్టి వచ్చినప్పుడల్లా "ఇప్పుడే తిని వచ్చానమ్మా, కడుపులో చోటు లేదు" అంటుంది. మంచినీళ్ళు మాత్రం తాగుతుంది. ఆ గ్లాసు కూడా తనే ముంచుకుంటుంది.

ఇప్పుడు చిట్టికి ఆరో నెల.

ఆ సంగతి తెలిసిన రోజే తల్లి నోరు ఆపుకోలేక అడిగేసింది. "నువ్వు మళ్ళీ స్కూలుకి వెళ్ళాక బిడ్డని నేను చూసుకుంటానే చిట్టీ. ఎవరి దగ్గరో ఎందుకు?"

"చూద్దాంలే అమ్మా" అంది చిట్టి.

ఆ 'చూద్దాంలే' అన్నప్పుడు కూతురి చూపు ఎక్కడ పడిందో తల్లి చూసింది. ఒళ్ళో పెట్టుకున్న తన చేతుల మీద. అంతే, మళ్ళీ పైకి లేచింది. చూడటమే బతుకుదెరువైన మనిషి దగ్గర అలాంటివి దాగవు.

ఆ రోజు నుంచీ ఆవిడకి ఇంకో కోరిక లేదు. పుట్టిన బిడ్డని తన చేతుల్లో పెట్టాలి. 'నువ్వే చూసుకోవాలమ్మా' అని చిట్టి నోటితో అనాలి.

కిందటి గురువారం ఆవిడ హేచరీలో సూపర్‌వైజరుకి కాగితం ఇచ్చింది. నెలాఖరుతో మానేస్తున్నానని.

"అదేంటక్కా, రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది కదా?" అన్నాడు అతను.

"మనవడో మనవరాలో వస్తోంది బాబూ. చూసుకోవాలి."

"మనవడో మనవరాలో ఏంటి? నువ్వు చూసి చెప్పేయలేవా?"

పక్క బల్ల ఆవిడ అందుకుంది. "డాక్టరు దగ్గరికి పంపడం దేనికి, భూతద్దం అక్క ఒకసారి రెక్క విప్పితే సరి."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వాక కాసేపు చెయ్యి ఆడలేదు.

ఈ కాగితం సంగతి చిట్టికి చెప్పలేదు. చెప్పాలనే ఉంది. కానీ ముందు చిట్టి అడగాలి. ఉన్న చేతులతో ఉన్నట్టుగా రమ్మనాలి. ఆ తర్వాత, 'నేనెప్పుడో మానేశానే పిచ్చిదానా' అని చెప్పి, కూతురి మొహం చూడాలి. ఇందులో కొంత మొండితనం ఉందని ఆవిడకీ తెలుసు. ఇన్నేళ్ళ తర్వాత ఆ కాస్త మొండితనం తనకి చెల్లుతుందనుకుంది.

శుక్రవారం చిట్టి ఫోన్ చేసింది. "అమ్మా, ఆదివారం మా మీటింగుకి రాగలవా? మావాళ్ళకి ప్రాక్టీసు కావాలి."

"ప్రాక్టీసేంటే?"

"మామూలువాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్చుకుంటున్నాం. తిట్టకుండా, తప్పుపట్టకుండా. ఇంతవరకూ మాలో మేమే ఒకళ్ళం ఇటూ ఒకళ్ళం అటూ కూర్చుని చేస్తున్నాం. నాటకంలా ఉంటోంది. నిజం మనిషి ఒకరు కావాలి. నువ్వైతే..." చిట్టి ఆగింది. "నువ్వైతే బావుంటుంది."

నువ్వైతే బావుంటుంది. ఈ ముక్క కూతురి నోట విని ఎన్నాళ్ళయిందో. ఎందుకు బావుంటుందని తల్లి అడగలేదు.

లైబ్రరీ మేడ మీద చిన్న గది. పద్నాలుగు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. గోడకి పెద్ద కాగితం అంటించి దాని మీద నీలం సిరాతో రాశారు: అడుగు. విను. విన్నది తిరిగి చెప్పు. తీర్పు చెప్పకు. ఒక మూల బల్ల మీద బిస్కెట్లు, టీ ఫ్లాస్కు. అందరూ నవ్వుతూ లేచి నిలబడి ఆవిడకి కుర్చీ చూపించారు. అందరికంటే ముందు లేచింది ఒక పెద్దాయన, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. అందరూ ఆయన్ని డ్రైవర్ గారు అనే అంటున్నారు.

మీటింగు నడిపే ఆవిడ ఏదో ఆఫీసులో శిక్షణలిచ్చే మేడమట. గొంతు పరుపులా మెత్తగా ఉంది. "అమ్మా, మీరొచ్చినందుకు చాలా సంతోషం. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు. మాది ఆ పద్ధతే కాదు."

"అలాగేనమ్మా" అంది తల్లి.

మొదట చిట్టి లేచి, కొత్తగా చేరిన ఇద్దరి కోసం తన కథ చెప్పింది. తల్లి ఈ కథ వినడం ఇదే మొదటిసారి. "నాకు ఐదేళ్ళప్పుడు మా ఇంట్లో ఒక కోడిపుంజు ఉండేది. దాన్ని పెద్దాయన అనేవాళ్ళం. ఇంటికెవరొచ్చినా గుమ్మంలో అడ్డంగా నిలబడి, ఎవరు మీరు, ఏం పని అన్నట్టు చూసేది. నేను స్కూల్నుంచి వచ్చేదాకా మెట్టు మీద కూర్చునేది. అది పిల్లగా ఉన్నప్పుడు రోడ్డు మీద కనబడితే అమ్మ తెచ్చిందట. నా మంచం కింద పడుకునేది. దాని కళ్ళలోకి చూసిన మనిషిని నేను. ఆ తర్వాత ఎన్నేళ్ళు మామూలుగా తిన్నానో తల్చుకుంటే ఇప్పటికీ... ఏదేమైనా, నన్ను ఇటు తిప్పింది పెద్దాయనే."

అందరూ తలూపారు. తల్లి మటుకు కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

ప్రాక్టీసు మొదలైంది. ఒక్కొక్కరే వచ్చి ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుంటారు. ఐదేసి నిమిషాలు. మొదట గుబురు జుట్టు అమ్మాయి వచ్చింది.

"అమ్మా, మీరేం పని చేస్తారు?"

"హేచరీలోనమ్మా. పిల్లల్ని వేరుచేస్తాను."

"అంటే, మీరు పిల్లల్ని వేరుచేస్తారన్నమాట."

"అదేనమ్మా నేనన్నది."

"ఆ పని చేసేటప్పుడు మీకెలా అనిపిస్తుంది?"

"కాళ్ళు లాగుతాయి. సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేస్తుంది."

"అంటే మీకు లోపల ఏదో బరువుగా అనిపిస్తుందన్నమాట."

"లోపల కాదమ్మా, మెడ దగ్గర."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గుబురు జుట్టు అమ్మాయి ఒళ్ళోని కాగితం వైపు చూసుకుని తర్వాతి ప్రశ్న వేసింది. "ఆ పిల్లలకి కూడా మనలాగే బతకాలని ఉంటుందని మీకెప్పుడైనా అనిపించిందా?"

"అనిపించకుండా ఎలా ఉంటుందమ్మా? చేతిలో పట్టుకుంటే గుండె కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తుంది."

అమ్మాయి మొహం వెలిగింది. కళ్ళలో జాలి నింపుకుని ముందుకి వంగింది. "మీరు చెప్పింది నాకు వినబడింది అమ్మా. చెప్పినందుకు థాంక్స్" అని, లేచే ముందు కాగితం మీద ఒక టిక్కు పెట్టింది.

తర్వాత ఒకతను, తర్వాత ఇంకొకావిడ. మంచివాళ్ళే. ఒక్కరూ గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. కానీ ఎవరు కూర్చున్నా అదే వంగడం, అదే 'అన్నమాట', లేచేటప్పుడు అదే టిక్కు. మూడోసారికి ఆవిడ కళ్ళు ఆ కాగితం మీద పడ్డాయి. అక్షరాలు తలకిందులుగా ఉన్నా ఆవిడకి అడ్డం కాలేదు. రెండు గళ్ళు గీసి ఉన్నాయి. కుడివైపు గడిలో 'మనసు తెరిచినవారు'. ఎడమవైపు గడిలో 'ఇంకా తెరవనివారు'. ముగ్గురి కాగితాలూ ఒళ్ళోనే కనబడుతున్నాయి: ఆవిడని ఇద్దరు కుడి గడిలో పెట్టారు, ఒకరు ఎడమ గడిలో.

ఆవిడకి కోపం రాలేదు. గుర్తుపట్టింది, అంతే. తీసుకోవడం, విప్పడం, చూడటం, ఇటో అటో వెయ్యడం. తన బల్ల అవతలివైపు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళకి తెలిసింది. చేతులు మెత్తగా ఉన్నాయా గరుగ్గా ఉన్నాయా అన్నది పిల్లకి పెద్ద తేడా కాదు కాబోలు అనుకుంది. ఒక్క క్షణం ఇంకో ఆలోచన వచ్చి భయం వేసింది. పైనున్న ఆయన కూడా ఇంతేనా? ఒక్కొక్కరికీ రెండు సెకన్లేనా? 'అపచారం, అపచారం' అని మనసులోనే లెంపలేసుకుంది.

నాలుగో మనిషి డ్రైవర్ గారు. కుర్చీలో కూర్చున్నాడు గానీ కాగితం తియ్యలేదు.

"డ్రైవర్ గారూ, మీ ప్రశ్నల కాగితం" అంది మేడమ్.

"కళ్ళజోడు మర్చిపోయానమ్మా" అన్నాడు ఆయన. కళ్ళజోడు జేబులోంచి కనబడుతూనే ఉంది. తర్వాత ఈవిడ వైపు తిరిగి, "చెల్లెమ్మా, టీ తాగావా?" అన్నాడు.

"లేదన్నయ్యగారూ."

లేచి వెళ్ళి ఒక కప్పు పట్టుకొచ్చి ఇచ్చాడు. "పాలు లేని టీ. మొదట్లో కషాయంలా ఉంటుంది. నేను ఇప్పటికీ మొహం మాడ్చుకునే తాగుతాను, వీళ్ళకి చెప్పకు."

ఆవిడ నవ్వింది. వచ్చాక నవ్వడం అదే మొదలు.

"నలభై ఏళ్ళు బస్సు తోలాను" అన్నాడు ఆయన. "అరవై ఒకటో ఏట మానేశాను ఇవన్నీ. అప్పటిదాకా మా ఆవిడ వండింది వండినట్టు తిన్నాను. చాలా బాగా వండేది. ఇప్పుడు లేదు. ఆవిడ నాకు వండి పెట్టినదంతా పాపమని అనమంటే అనలేను చెల్లెమ్మా. నోరు రాదు. అలాగని మళ్ళీ తినమన్నా తినలేను. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతున్నాయని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇముడుతున్నాయి, అంతే."

మేడమ్ గడియారం వైపు చూసింది.

"నువ్వు చెప్పాలనుంటేనే చెప్పు" అన్నాడు ఆయన. "మొదటి రోజు ఎలా గడిచింది నీకు? నాకు మొదటి రోజు బ్రేకు మీద కాలు వణికింది. అందుకని అడుగుతున్నాను."

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. కట్టుకున్నవాడు అడగలేదు, పక్క బల్ల ఆవిడ అడగలేదు. ఆవిడ కప్పు కింద పెట్టింది.

"మొదటి రోజు వేగం రాలేదు. పక్కనున్నావిడ కసిరింది. గంప తర్వాత గంప వచ్చి పడుతోంది. మధ్యాహ్నం అన్నాలప్పుడు లేవబోతుంటే బెల్టు చివర ఒకటి మిగిలింది. విప్పి చూశాను. ఎడమవైపుది. గొట్టంలో వెయ్యాలి. చెయ్యి రాలేదు. ఏప్రాన్ జేబులో వేసుకున్నాను. సాయంత్రందాకా జేబులోనే ఉంది. కిక్కురుమనకుండా పడుకుంది. పట్టుబడితే పని పోతుంది. గేటు దగ్గర కాపలా అతను ఏంటమ్మా జేబు ఉబ్బెత్తుగా ఉందంటే, చేతిరుమాలు బాబూ అన్నాను."

ఆవిడ తల తిప్పి కూతురి వైపు చూసింది. ఈ మాట తను ఇన్నేళ్ళూ దాచుకున్నది చిట్టికి చెప్పడానికేనని అప్పుడే ఆవిడకీ తెలిసింది.

"అదేనే చిట్టీ. పెద్దాయన. రోడ్డు మీద కనబడలేదు."

చిట్టి మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత పెదవులు కొద్దిగా విడ్డాయి. చెయ్యి తనకి తెలియకుండానే కడుపు మీదికి వెళ్ళింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నట్టే కనిపించాయి. గుబురు జుట్టు అమ్మాయి అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది.

"మరి మిగతావాటిని?" అంది చిట్టి.

చిట్టి లేచి నిలబడింది.

"ఒకదాన్ని తెచ్చావు. దాన్ని నా మంచం కింద పడుకోబెట్టావు. మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళి మిగతావాటిని... రోజుకి ఎన్ని వేలమ్మా? గుండె కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తుందన్నావు కదా ఇందాక. తెలిసీ ఎలా వేశావు?"

మేడమ్ మెత్తగా, "చిట్టీ, పద్ధతి..." అని గోడ మీద కాగితం వైపు చెయ్యి చూపించింది.

తల్లి నోటి దాకా ఒక మాట వచ్చింది. మిగతావే నిన్ను చదివించాయి. మిగతావాటి మీదే నువ్వు టీచరువయ్యావు, ఇలా అడిగే చదువు నీకొచ్చింది. ఆ మాట బయటికొస్తే మళ్ళీ లోపలికి పోదని తెలుసు. మింగేసింది. చల్లారిన టీ కూడా దాని వెనకే మింగింది. డ్రైవర్ గారన్నట్టు కషాయంలాగే ఉంది.

మీటింగు అయిపోయాక డ్రైవర్ గారు మెట్ల దాకా వచ్చాడు. "నేను అడక్కుండా ఉండాల్సింది చెల్లెమ్మా."

"మీరు అడిగింది బానే ఉందన్నయ్యగారూ. నేనే ఎక్కువ చెప్పాను."

"మళ్ళీ రా" అన్నాడు ఆయన. ఆవిడ కొంగు సర్దుకుని మెట్లు దిగింది.

బస్టాపులో తల్లీ కూతురూ పక్కపక్కన కూర్చున్నారు. మధ్యలో ఆవిడ చేతిసంచి. సంచిలో మడతపెట్టిన కాగితం, సూపర్‌వైజరు 'అందింది' అని సంతకం చేసి ఇచ్చిన నకలు. ఎదురుగా మూసి ఉన్న సెల్‌ఫోన్ కొట్టు షట్టరు మీద ఎవరో సుద్దతో గీసిన పిచ్చిగీతలు. చాలాసేపు ఇద్దరూ వాటినే చూశారు.

"సారీ అమ్మా" అంది చిట్టి. "అలా అడగకూడదు. పద్ధతి తప్పాను. అందరి ముందూ..."

"పద్ధతికేంలే" అంది తల్లి.

"నిజంగా, అలా గట్టిగా అడిగితే ఎదుటి మనిషి మూసుకుపోతారు. మేమే అందరికీ చెప్తాం ఆ మాట."

తల్లి కూతురి వైపు చూసింది. ఎదుటి మనిషి. నిజమే, ఎదురుగానే కూర్చుంది కదా ఇందాకంతా. ఇప్పుడు పక్కన కూర్చుంది.

"చిట్టీ, ఒకటడుగుతాను. సూటిగా చెప్పు. బిడ్డని నాకిస్తావా? నువ్వు బడికి వెళ్ళే వేళ?"

చిట్టి కడుపు మీద చెయ్యి వేసుకుని వీధి చివరకి చూసింది. "అమ్మా, నువ్వు ఆ పని మానేస్తే..."

"మానకపోతే?"

సంచి మూత తెరిచి ఆ కాగితం తీసి ఒళ్ళో పెడితే అయిపోయేది. చిట్టి ఏడ్చేది, మెడ కౌగిలించుకునేది. వచ్చే ఆదివారం ఆ గుండ్రటి కుర్చీల మధ్య లేచి నిలబడి మా అమ్మ మానేసిందని చెప్పేది. అందరూ తలూపేవాళ్ళు. ఎవరో ఒకరు కాగితం మీద ఎడమ గడిలోని టిక్కు చెరిపేసి కుడి గడిలో పెట్టేవాళ్ళు. ఆవిడ సంచి మూత మీద చెయ్యి ఉంచి, తెరవకుండా, కూతురి జవాబు కోసం చూసింది.

చిట్టి చూపు వీధి చివర నుంచి తిరిగి వచ్చింది. సంచి మీద ఉన్న తల్లి చెయ్యి మీద పడింది. ఆగింది. మళ్ళీ పైకి లేచింది.

రెండు సెకన్లు.

"నా బస్సొచ్చింది" అంది తల్లి. లేచింది.

"అమ్మా, నేనింకా..."

"ఎండలో నిలబడకు. నువ్వు ఆటోలో వెళ్ళు. కుదుపులు పడకుండా నెమ్మదిగా పొమ్మని చెప్పు అతనితో."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. చిట్టి కింద నిలబడి ఏదో అంటోంది. అద్దం దిగలేదు, మాట వినబడలేదు. బస్సు కదిలింది.

సోమవారం పొద్దున్నే ఆవిడ సూపర్‌వైజరు గది తలుపు దగ్గర నిలబడింది. "బాబూ, ఆ కాగితం పైకి పంపేశావా?"

"ఇవాళ పంపుదామనుకుంటున్నానక్కా."

"ఇచ్చెయ్."

అతను సొరుగు లాగి తీశాడు. "మరి మనవడు?"

"వాళ్ళు వేరే ఏర్పాటు చేసుకున్నారు." అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆవిడే ఆశ్చర్యపోయింది. చిట్టి అలాంటి మాట అననే లేదు. అసలు ఏమీ అనలేదు.

కాగితం నాలుగు మడతలు పెట్టి ఏప్రాన్ జేబులో వేసుకుంది. బల్ల దగ్గర కూర్చుంది. దీపం వేసింది. పక్క బల్ల ఆవిడ, "ఏంటి భూతద్దం, అమ్మమ్మగిరీ అప్పుడే అయిపోయిందా?" అంది. ఆవిడ "ఊఁ" అంది. బెల్టు కదిలింది. మొదటి గంప వచ్చింది. పసుపుపచ్చగా, ఒకదాని మీదొకటి ఎక్కుతూ, గదంతా కిచకిచలు.

కుడి. ఎడమ. ఎడమ. కుడి.

నాలుగో గంపో ఐదో గంపో నడుస్తుండగా జేబులో ఫోను మోగింది. ఎవరో చూడక్కర్లేదు, చిట్టికి వేరే పాట పెట్టుకుంది. ఎడమచేతిలో ఒక పిల్ల ఉంది. కుడి బొటనవేలి కింద దాని రెక్క తెరిచి ఉంది. గుండె టకటకమంటోంది.

నేనింకా, అంది చిట్టి బస్టాపులో. నేనింకా ఏమిటి? నేనింకా చెప్పలేదనా? నేనింకా ఆలోచించలేదనా? చెయ్యి మీద పడ్డ ఆ చూపు అసహ్యంతోనే పడిందా? పెద్దాయన్ని జేబులో పెట్టి తెచ్చిన చెయ్యి ఇదేనా అని చూసిందేమో. చిట్టి నోరు తెరిచేసరికి తను బస్సెక్కేసింది. రెండు సెకన్లు చాలనుకుంది. చూసింది, తెలిసిపోయింది, వేసేసింది. ఇరవై ఆరేళ్ళలో పొరపాట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, నిజమే. అవి కుడివైపు పెట్టెలో తేలినవి. గొట్టంలోకి పోయినవాటిని మళ్ళీ తీసి చూసినవాళ్ళు ఎవరున్నారు?

ఫోను ఇంకా మోగుతోంది. జేబులో మడతపెట్టిన కాగితం దాంతోపాటే వణుకుతోంది.

"అక్కా, గంప ఆగిపోయింది" అన్నారు వెనక నుంచి.

ఆవిడ దీపం కిందికి వంగింది. ఈకలన్నీ ఒక్క వరసలో ఉన్నాయి. మళ్ళీ చూసింది, మూడోసారి కూడా చూసింది. ఒక్క వరసలోనే ఉన్నాయి. జేబులో చోటుంది. కానీ మంచం కింద పడుకోబెట్టడానికి ఇంట్లో ఐదేళ్ళ పిల్ల లేదు.

ఎడమవైపు వేసింది. చెయ్యి తర్వాతదాని కోసం వెళ్ళింది. అప్పటికి ఫోను ఆగిపోయింది.